షుగరు వాళ్ళకి వేరే ప్లేటు

మనవాళ్ళ మాటలో ఒక తమాషా ఉంది. పంచదారకి మొహం వాచిపోయి ఉన్నవాణ్ణి వేలు పెట్టి చూపించి “ఆయనకి షుగరుంది” అంటారు. ఉన్నవాడికి మళ్ళీ పెట్టడమెందుకు అనుకుంటారు కాబోలు, ఆ రోజునుంచి అతగాడి విస్తట్లో తీపి పడనివ్వరు.

నాకు 14 ఏళ్ళుగా ఉంది. ఈ 14 ఏళ్ళలో పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ ఓణీల ఫంక్షన్లకీ ఎన్నిటికి వెళ్ళానో లెక్కలేదు. ఎక్కడికెళ్ళినా తంతు ఒకటే. మొన్నటికి మొన్న మా మేనల్లుడి కూతురి మొదటి పుట్టినరోజు. మూడంతస్తుల కేకు, దాని నెత్తిమీద చక్కెర ముద్దతో చేసిన గులాబీరంగు ఏనుగు. పాట పాడారు, పిల్ల గుక్కపట్టింది, కేకు కోశారు, ముక్కలు పంచుతున్నారు. కేటరింగ్ కుర్రాడు నా ముందుకొచ్చి ప్లేటు చాపాడు. నేనింకా చెయ్యి కూడా లేపలేదు. మూడు వరసల వెనకనుంచి మా చెల్లెలి కేక: “బాబూ, అన్నయ్యకి పెట్టకు! ఆయనకి షుగరు!” హాల్లో రెండొందలమంది తలలు ఇటు తిరిగాయి. నా పేరు తెలియనివాళ్ళకి కూడా నా జబ్బు తెలిసిపోయింది. కుర్రాడు ప్లేటు వెనక్కి లాక్కున్న తీరు చూస్తే, నేను అందుకోబోయింది కేకు ముక్కా, పసిదాని మెళ్ళో గొలుసా అని నాకే అనుమానమొచ్చింది.

అయిదు నిమిషాలకి నాకు జరగాల్సిన మర్యాద జరిగింది. వేరే ప్లేటు వచ్చింది. అందులో రెండు మ్యారీ బిస్కెట్లు.

పథ్యం పేరుతో ఇంటింటా తిరుగుతున్న ఈ మ్యారీ బిస్కెట్ పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే మీరూ నవ్వుకుంటారు. 1874లో రష్యా చక్రవర్తి కూతురు మరియా అలెగ్జాండ్రోవ్నాని విక్టోరియా మహారాణి రెండో కొడుక్కిచ్చి పెళ్ళి చేశారు. ఆ సంబరానికి లండన్లో పీక్ ఫ్రీన్ అనే బిస్కెట్ల కంపెనీ పెళ్ళికూతురి పేరు పెట్టి చేసిన బిస్కెట్ ఇది. రాణివాసంలో పుట్టిన పిల్ల, ఏం పాపం చేసిందో, మన దేశానికొచ్చి ఆస్పత్రి మంచాల పక్కన ఆయాగా స్థిరపడింది. పొట్లం తిరగేసి చదవండి. 100 గ్రాముల్లో 75కి అటూ ఇటూగా పిండిపదార్థమే. అందులో చక్కెర ఒక్కటే ఇంచుమించు 20 గ్రాములు. మైదా, పంచదార, నూనె. కేకులోంచి సంతోషం పిండేసి ఎండబెడితే మ్యారీ బిస్కెట్ అవుతుంది.

సరే, బిస్కెట్లు జేబులో వేసుకుని భోజనానికి లేచాను. అక్కడ మా చెల్లెలి ప్రేమ కట్టలు తెంచుకుంది. “స్వీటు తినవు కదా అన్నయ్యా, పులిహోరైనా ఇంకొంచెం వేసుకో” అని గరిటెడు వేసింది. వెజ్ బిర్యానీ రెండుసార్లొచ్చింది. పక్కనే బంగాళదుంప వేపుడు. చివర్న పెరుగన్నం, “చలవ చేస్తుంది” అని. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆ రోజు నా విస్తట్లో పడ్డ అన్నం, రంగు ఏదైతేనేం, 400 గ్రాములకి తగ్గదు. అంటే 110 గ్రాముల చిల్లర. నా దగ్గర లాక్కున్న కేకు ముక్క బరువు మహా అయితే 50 గ్రాములు. దాన్లో ఎంత క్రీము పూసినా పిండీ పంచదారా కలిపి 30 గ్రాములు దాటవు. ముప్ఫై గ్రాముల నేరానికి రెండొందలమంది ముందు పట్టుకున్నారు. నూటపది గ్రాముల నేరం మాత్రం కొసరి కొసరి చేయించారు.

పులిహోర పుల్లగా ఉంటుందని, కేకు తియ్యగా ఉంటుందని తేడా చెప్పేది నాలుక. రక్తానికి నాలుక లేదు. దానికి అన్నమైనా కేకైనా చివరికి గ్లూకోజే. ఈ ముక్క మా చెల్లెలికి చెప్తే “అన్నం మానేసి బతుకుతామా?” అంది. అన్నం మానలేక బతుకుతున్నవాళ్ళం కాబట్టే దుకాణాల్లో కొత్తగా “షుగర్ ఫ్రీ రైస్” వెలిసింది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పాపం చాలా శ్రమపడి తెలంగాణ సోనా అనే సన్నరకం తయారుచేశారు. దానికి గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది. మామూలు బియ్యంకన్నా షుగరుని నెమ్మదిగా పెంచుతుందని వాళ్ళన్నారు. వాళ్ళన్నది అంతే. బస్తా మీదికొచ్చేసరికి “నెమ్మదిగా” ఎగిరిపోయి “ఫ్రీ” కూర్చుంది. ఫ్రీ అన్నాక మనవాళ్ళు ఊరుకుంటారా? రెండోసారి వడ్డించుకుంటున్నారు.

మన దేశంలో ఇది పదిమందికో పాతికమందికో ఉన్న జబ్బు కాదు. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ సర్వే లెక్కలు 2023లో అచ్చయ్యాయి. షుగరున్నవాళ్ళు 10.1 కోట్లు. ఇవాళో రేపో రాబోతున్నవాళ్ళు, అంటే గుమ్మంలో చెప్పులు విప్పుతున్నవాళ్ళు, 13.6 కోట్లు. ఆ రోజు హాల్లో నావైపు జాలిగా చూసినవాళ్ళలో ఆ రెండో జాబితావాళ్ళు ఎంతమంది ఉన్నారో వాళ్ళకే తెలియదు. వాళ్ళు పరీక్ష చేయించుకోరు. నన్ను మాత్రం పరీక్షగా చూస్తారు.

నా చుట్టూ ఉన్న ఈ పోలీసు వ్యవస్థలో ఒక్కొక్కరిది ఒక్కో స్టేషను. పక్కింటి పిన్నిగారిది ఆయుర్వేద విభాగం: పొద్దున్నే మెంతుల నీళ్ళు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి. మా బావమరిదిది సైబర్ విభాగం; అర్ధరాత్రి పన్నెండింటికి ఫార్వర్డులు పంపుతాడు. ఆస్పత్రివాళ్ళది రికార్డుల విభాగం. నేను మొదట్లో చూపించుకున్న ఆస్పత్రిలో ఒక డైట్ చార్టు చేతిలో పెట్టారు. జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు అలుక్కుపోయిన కాగితం. “ఉదయం ఓట్స్, బ్లూబెర్రీ; రాత్రి సాల్మన్ చేప.” గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, పులస గురించి అడిగితే చెప్పగలను. సాల్మన్ ఏ కాలవలో దొరుకుతుందమ్మా అని అడిగితే, ఆ చార్టిచ్చిన అమ్మాయి కూడా నవ్వేసింది. ఇడ్లీ ఎన్నో, అన్నం ఎంతో, పండగనాడు బూరె ఒకటి తింటే ఏది తగ్గించుకోవాలో ఆ కాగితంలో లేదు. అడుగున మాత్రం పెద్దక్షరాల్లో “స్వీట్లు పూర్తిగా నిషేధం” అని ఉంది. ఆ లైను ఒక్కటే జిరాక్సులో చెక్కుచెదరలేదు.

షుగరున్నవాడి పళ్ళెం ఈ దేశంలో న్యాయస్థానం మెట్లు కూడా ఎక్కింది. 2024 ఏప్రిల్లో, తీహార్ జైల్లో ఉన్న అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ కావాలనే మామిడిపళ్ళూ మిఠాయిలూ తిని షుగరు పెంచుకుంటున్నారని ఈడీ కోర్టుకి చెప్పింది. ఇంటినుంచి వచ్చిన 48 భోజనాల్లో మామిడిపళ్ళు ఉన్నది మూడింట్లోనేనని ఆయన వకీలు బదులిచ్చారు. ఎవరిది నిజమో, రాజకీయమేమిటో నాకనవసరం. నాకా వార్తలో నచ్చింది లెక్క. నలభై ఎనిమిదికి మూడు! అంత ఓపిగ్గా మామిడిపళ్ళు లెక్కపెట్టేవాళ్ళు నా తరఫున ఒక్కరుంటే, మా చెల్లెలి మీద నేనూ ఒక పిటిషన్ పడేద్దును.

ఇక ఏటా నవంబరు 14 వస్తుంది. ఆ రోజు ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆ తేదీన పుట్టాడని దానికా గౌరవం. అదే రోజు మనకి నెహ్రూగారి పుట్టినరోజు, బాలల దినోత్సవం. పొద్దున ఆరింటికి నన్నూ నాలాంటివాళ్ళనీ తెల్ల టోపీలు పెట్టి “చక్కెరపై సమరం” అని నడిపిస్తారు. ఎనిమిదింటికి మా మనవడి బళ్ళో పిల్లకో చాక్లెట్టు, ఒక క్రీమ్ బన్ను పంచుతారు. ఆ పొద్దున నడకకీ ఈ పంపకానికీ బ్యానర్ మీద స్పాన్సరు ఒకరే అయిన సంవత్సరం కూడా చూశాను. ముందు తరానికి వైద్యం, వెనక తరానికి పెట్టుబడి.

తీపి లాక్కునేవాళ్ళ సంగతి ఇది. పెట్టేవాళ్ళు ఇంకా ప్రమాదం. వాళ్ళలో పెద్దది బెల్లం పార్టీ. “పంచదార విషం, బెల్లం అమృతం, మన పూర్వీకులు తినలేదా?” అంటారు. పూర్వీకులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాగలి దున్ని తిన్నారు. మనం రిమోట్ నొక్కి తింటున్నాం. ఆ సంగతి వదిలేద్దాం. చెరకుగడకి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు పట్నం వెళ్ళి సబ్బుతో స్నానం చేసి తెల్లబట్టలేసుకున్నాడు, వాడు పంచదార. పెద్దవాడు ఊళ్ళోనే ఉండి దుమ్ముకొట్టుకుని తిరుగుతున్నాడు, వాడు బెల్లం. దుమ్ముకొట్టుకున్నాడు కాబట్టి మంచివాడే అయ్యుంటాడని మనవాళ్ళ నమ్మకం. ఇద్దరి రక్తమూ ఒకటే: సుక్రోజు. అనకాపల్లి అచ్చు బెల్లమైనా అందులో అధికభాగం అదే. ఆ మిగిలిన పిసరంత ఇనుము కోసం బెల్లం తినడం, మేకు కోసం ఇల్లు కొనడం లాంటిది. అయినా ఆత్రేయపురం పూతరేకుల కొట్లో అడుగుపెట్టగానే “షుగర్ వాళ్ళకి బెల్లంవి ఉన్నాయండీ” అని ఒక డబ్బా తీస్తారు. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఘనమైన మిఠాయి అది. దాని రుచిని నేను కాదనను. బెల్లంది తింటాను, చక్కెరది తింటాను. ఒక్కటే తింటాను. మందనుకుని మాత్రం తినను.

బెల్లం పార్టీకి మిత్రపక్షం ఖర్జూరం పార్టీ. “చుక్క పంచదార వెయ్యలేదు” అని ఖర్జూరం లడ్డూలు తెస్తారు. నిజమే, వెయ్యలేదు. ఎండు ఖర్జూరంలో సగానికి మించి చక్కెరే ఉంటే మళ్ళీ వెయ్యడం దేనికి? చెరువులో మునిగినవాడి మీద చెంబుతో నీళ్ళు పొయ్యలేదని గొప్ప చెప్పుకున్నట్టుంది.

షుగరు వాళ్ళ రొట్టె అమ్ముకోవడం ఇవాళ మొదలైన వ్యాపారం కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో బుషార్దా అనే వైద్యుడు గోధుమపిండిలో గంజి కడిగేసి, మిగిలిన జిగురుతో రోగులకి రొట్టె చేయించాడు. 1870లో ప్రష్యా సైన్యం పారిస్‌ని చుట్టుముట్టి ఊళ్ళో తిండి కరువైనప్పుడు, తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడం ఆయన గమనించాడు. తగ్గించి తింటే తగ్గుతుందని అట్లా తేలింది. అదే ఊళ్ళో పియోరీ అనే మరో పేరున్న వైద్యుడు, మూత్రంలో పోతున్న చక్కెరని భర్తీ చెయ్యాలి కాబట్టి బాగా పంచదార తినమన్నాడు. పియోరీగారి శిష్యులు మన బేకరీల్లో పనిచేస్తున్నారని నా అనుమానం.

అనుమానం ఎందుకొచ్చిందంటే, మా పేటలో ఒక బేకరీకి వెళ్ళాను. అద్దాల అలమరలో ఒక మూల ఆకుపచ్చ బోర్డు, దాని మీద గుండె బొమ్మ, “డయాబెటిక్ స్పెషల్”. గోధుమరంగు కేకు. మామూలు కేకుకి రెట్టింపు ధర.

“ఇందులో ఏముంది బాబూ?”

“షుగర్ ఫ్రీ సార్.”

“ఏం లేదో చెప్పావు. ఏముందో చెప్పు.”

“రాగి సార్. చీమ కూడా పట్టదు సార్ దీనికి.”

పూర్వం మన వైద్యులు మూత్రానికి చీమలు పడితే మధుమేహమని తేల్చేవారట. రోగనిర్ణయం చేసిన చీమలకి ఇప్పుడు ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా ప్రమోషన్ వచ్చిందన్నమాట. పొట్లం తిప్పి చదివాను. ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలని చట్టం. అందుకని ఆ జాబితా చదవడం వచ్చినవాణ్ణి మోసం చెయ్యడం కష్టం. మొదట మైదా. తర్వాత మాల్టిటాల్. తర్వాత పామాయిల్. ఆ తర్వాత గుడ్డు పొడి, ఇంకేవో అంకెలు, ఎక్కడో తోక దగ్గర రాగిపిండి. రాగి అక్కడికి వచ్చింది కేకులో పడటానికి కాదు, రంగు పూయడానికి. పోనీ మొత్తం రాగిపిండే అయినా ఒరిగేదేమీ లేదు. మైదాలో 100కి 74 గ్రాముల పిండిపదార్థమైతే రాగిలో 67. ఏడు గ్రాములు తగ్గాయి. పీచు ఉంది, కాల్షియం ఉంది, మంచి గింజే. షుగరు వాడికి తాయెత్తు మాత్రం కాదు.

మాల్టిటాల్ సంగతేమిటంటే, అది పంచదారకి దూరపు చుట్టం. పంచదారలో సగానికి సగం శక్తి ఇస్తుంది, షుగరుని పెంచుతుంది, కాకపోతే కాస్త తీరిగ్గా. మోతాదు మించితే ఇంకో పని చేస్తుంది. ఆ పని గురించి పొట్లం మీద హెచ్చరిక వెయ్యాలని కూడా నిబంధన ఉంది: విరేచనాలు కావచ్చు. ముందువైపు గుండె బొమ్మ అరచేయంత, వెనకవైపు ఈ హెచ్చరిక ఆవగింజంత. నేను మాత్రం “షుగర్ ఫ్రీ” అన్న మాట నమ్మి ఆ రోజు నాలుగు ముక్కలు తిన్నాను. నిషేధం ఎత్తేశాక మనిషి ఒక్క ముక్కతో ఆగడు కదా. రెండు గంటలకి మీటరు 241 చూపించింది. ఆ రాత్రి మిగతా కథ చెప్పుకునేది కాదు. బేకరీవాడు ఒక మాట మాత్రం నిలబెట్టుకున్నాడు, మళ్ళీ చాన్నాళ్ళ దాకా నేను కేకు ముట్టలేదు.

ముట్టకుండా ఉండలేక, చివరికి నేనే చేసుకుందామని ఒక బుల్లి ఓవెన్ కొన్నాను. అరవై దాటిన మగవాడు వంటింట్లో కేకు చేస్తున్నాడంటే మా ఆవిడ ఇరుగుపొరుగుని పిలిచి చూపించింది. చూపిస్తే చూపించింది. మొదటి ప్రయత్నం రాగిపిండీ బెల్లమూ. గుమ్మానికి అడ్డంపెట్టుకోవడానికి పనికొచ్చింది. రాగిలో మైదాకున్న సాగే గుణం ఉండదని, గాలిని పట్టి ఉంచలేదని తర్వాత తెలిసింది. రెండో ప్రయత్నం బాదం పిండి, పంచదార బదులు ఎరిత్రిటాల్ అనే తీపి పొడి. ఎరిత్రిటాల్ షుగరుని ఇంచుమించు కదిలించదు, అది దాని గొప్పతనమే. అయితే కేకు ఎర్రబడలేదు, పాలిపోయిన మొహంతో బయటికొచ్చింది. నోట్లో పెట్టుకుంటే పుదీనా బిళ్ళలా చల్లగా తగిలింది. మర్నాటికి లోపల ఎరిత్రిటాల్ గడ్డకట్టి పంటి కింద ఇసకలా కరకరలాడింది. మా ఆవిడ ఒక్క ముక్క తిని “టూత్‌పేస్టు కేకు” అంది. ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

పంచదార తీపి ఒక్కటే ఇస్తుందనుకున్నాను, అదే నా తప్పు. వెన్నతో కలిపి గిలకొడితే గాలిని లోపలికి లాగేది అది. తేమ పట్టి ఉంచేది అది. పైన బంగారు రంగు తెచ్చేదీ అదే. అంత పని చేసే కూలీని పూర్తిగా పనిలోంచి తీసేస్తే ఇల్లు ఎలా లేస్తుంది? సగం కూలీలతో పని జరుగుతుందా అని చూడాలి గాని.

పంచదార బదులు వాడే తీపి బిళ్ళలూ వాడి చూశాను. వాటి చరిత్ర ఇంకా రంజుగా ఉంటుంది. 1879లో ఫాల్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలనుంచి చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోబట్టి శాకరీన్ దొరికింది. 1965లో ష్లాటర్ అనే ఇంకో శాస్త్రవేత్త కాగితం తిప్పడానికి వేలు నాకబట్టి ఆస్పర్టేమ్ దొరికింది. 1976లో లండన్లో మన శశికాంత్ ఫడ్నీస్‌ని ఒక పొడి “టెస్ట్” చెయ్యమంటే ఆయన “టేస్ట్” అనుకుని నాలుక మీద వేసుకోబట్టి సుక్రలోజ్ దొరికింది. శుభ్రత పాటించి ఉంటే షుగరు వాళ్ళకి ఏదీ దక్కేది కాదు. వీటిలో ఆస్పర్టేమ్ వేడికి తీపి పోగొట్టుకుంటుంది, కాఫీకి పనికొస్తుంది గాని కేకుకి కాదు. సుక్రలోజ్ వేడికి నిలుస్తుంది, కాని పంచదారకన్నా 600 రెట్లు తీపి కాబట్టి చిటికెడు చాలు. చిటికెడు వేస్తే కేకు పొంగదు. “చెంచాకి చెంచా” అని అమ్మే పొడి డబ్బాల్లో ఆ ఖాళీ నింపడానికి చాలావరకు మాల్టోడెక్స్‌ట్రిన్ కలుపుతారు. అది గ్లూకోజంత వేగంగా రక్తంలోకి దూకే పిండి. కాపలాకి పెట్టిన కుక్కే దొంగతో పొత్తు కలిస్తే ఏం చెప్పేది!

ఇంతలో మా బావమరిది సైబర్ విభాగంనుంచి ఫార్వర్డు పంపాడు: “ఈ స్వీటెనర్లు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో హెచ్చరించింది, జాగ్రత్త బావా!” సంస్థ అన్న మాట నిజమే. బరువు తగ్గడానికి వీటిని నమ్ముకోవద్దంది. ఈ సలహా ఇప్పటికే మధుమేహం ఉన్నవాళ్ళకి వర్తించదని కూడా అందులోనే రాసింది. ఆ వాక్యం ఫార్వర్డు ఎక్కలేదు. బావమరిది ఎదురుగా కూల్‌డ్రింకు తాగుతూ పంపాడని మా మరదలు చెప్పింది.

చివరికి కుదిరిన లెక్క చెప్తాను. బాదం పిండి 150 గ్రాములు, మైదా 50, పంచదార 60, వెన్న 60, గుడ్లు మూడు, ఏలకులు. పంచదార పంచదారే, మారువేషం లేదు. 12 బుల్లి కేకులయ్యాయి. తూకంలో పెట్టి, కాగితం మీద వేసి చూస్తే ఒక్కోదానిలో పిండిపదార్థం 10, 11 గ్రాములు. బాదం కాబట్టి కొవ్వు బాగానే ఉంది, సన్నబడతారని ఎవరికీ చెప్పను. రాత్రి రెండు పుల్కాల్లో ఒకటి తగ్గించి, కూరా పప్పూ తిన్నాక ఒక్కటి తిన్నాను. రెండు గంటలకి 152. నా లెక్క నాది. మీ మందులూ మీ డాక్టరూ వేరు, మీటరు మీ వేలినే అడగండి. ఇక్కడ నేను చెప్పదల్చుకున్నది ఒకటే. రెండు మ్యారీ బిస్కెట్లలో ఉన్నది ఎనిమిదీ తొమ్మిది గ్రాములు. దానికి ఇంకో గ్రామో రెండు గ్రాములో కలుపుకుంటే వెన్న వాసనతో, ఏలకుల ఘుమఘుమతో, మనిషి తినదగ్గ కేకు. ఈ రెండు గ్రాముల తేడాకి 14 ఏళ్ళు నాకు వేరే ప్లేటు పెట్టారు.

ఇప్పుడొక పెళ్ళి సంగతి చెప్పి ముగిస్తాను. పన్నెండున్నరకి భోజనాలన్నారు. ఆ మాట నమ్మి పన్నెండుంబావుకి ఇన్సులిన్ చేసుకున్నాను. ఫోటోగ్రాఫరు పెళ్ళికొడుకుని వదల్లేదు, వడ్డన రెండైంది. ఒంటిగంటకే నాకు చెమటలు, వణుకు, కళ్ళముందు మసక. జేబులో మీటరు తీసి చూస్తే 58. డెబ్భైకి తగ్గితేనే కంగారు పడాలి. అప్పుడు చెయ్యాల్సింది చిన్నపిల్లలకీ చెప్పొచ్చు: 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగడం, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవడం. “కొంచెం పంచదార నీళ్ళు” అన్నాను.

అంతే, బంధువర్గం సమావేశమైంది. “షుగరు వచ్చి పడిపోతుంటే పంచదార అడుగుతున్నాడేమిటమ్మా!” అని ఒకావిడ. “మతి చలించిందేమో, ఇవ్వకండి” అని ఇంకొకాయన. మా చెల్లెలు ఏడుపు లంకించుకుంది. పక్కింటి పిన్నిగారు బ్యాగులోంచి నేరేడు గింజల పొడి తీశారు. బావమరిది పరిగెత్తుకెళ్ళి కూల్‌డ్రింకు తెచ్చాడు, చదివి మరీ తెచ్చాడు, డైట్‌ది, చక్కెర సున్నా. 14 ఏళ్ళలో మొదటిసారి లేబుల్ చదివాడు, అదీ ఆ రోజే. నేను బల్ల మీదున్న లడ్డూ అందుకోబోతే మేనల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. నానుంచి కేకులకీ లడ్డూలకీ ఇన్నేళ్ళుగా కాపలా కాసిన ఆ ప్రేమంతా, నాకు నిజంగా చక్కెర కావలసిన పదినిమిషాల్లో, చక్కెరకీ నాకూ మధ్య గోడకట్టి నిలబడింది.

ఆరేళ్ళ కుర్రాడొకడు, ఎవరి పిల్లాడో తెలియదు, మనుషుల కాళ్ళ సందుల్లోంచి దూరి వచ్చి, తను తాగుతున్న మామిడిపళ్ళ రసం డబ్బా స్ట్రాతో సహా నా చేతిలో పెట్టాడు. “తాతా, ఇది తియ్యగా ఉంటుంది” అన్నాడు. గుంజి తాగాను. కాసేపటికి మసక విడిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా మా చెల్లెలు. చేతిలో ప్లేటు. అందులో రెండు మ్యారీ బిస్కెట్లు.

కాబట్టి బంధుమిత్రులారా, పుట్టినరోజుకి పిలవండి, తప్పకుండా వస్తాను. నన్ను చూసి కుర్రాడిమీద కేకలెయ్యకండి. బెల్లంతో చేశామని, రాగితో చేశామని సాక్ష్యాలు చెప్పకండి. చాకు ఒక్క నిమిషం నా చేతికివ్వండి. రెండు వేళ్ళ వెడల్పు ముక్క నేనే కోసుకుంటాను. ఆ పూట పులిహోర నాకు వద్దు, ఎంత బతిమాలినా వద్దు. మ్యారీ బిస్కెట్లు మిగిలిపోతే పెళ్ళికూతురికి పెట్టండి. వాటి పుట్టిల్లు అదే.